పొగను పుట్టిన చోటే పట్టుకుందాం
ఇంటి దగ్గర ఇనుము కోసే బల్లకు తక్కువ ఖర్చుతో పొగ లాగే ఏర్పాటు



మీ ఇంటి మనిషిని వార్డులో చేర్చి, మందుల చీటీ చేతిలో పట్టుకుని వరండాలో కూర్చున్నప్పుడు ఈ పుస్తకం మీ చేతికి వచ్చి ఉంటుంది. గేట్లు, గ్రిల్స్, కిటికీలు, షెడ్లు తయారుచేసే పని ఇంటి ముందు రేకుల షెడ్డులోనే జరిగే కుటుంబాలు మన ప్రాంతంలో చాలా ఉన్నాయి. ఈ పాఠం ముఖ్యంగా వారి కోసం.

ఒక వానాకాలంలో ముప్పై ఏళ్ల యువకుడు రాత్రి పదకొండు గంటలకు వణుకుతూ మా ఆసుపత్రికి వచ్చాడు. ఆ రెండు నెలల్లో అలా రావడం మూడోసారి. మలేరియా పరీక్ష మూడుసార్లూ లేదనే వచ్చింది. ఆయన భార్య నాతో, "సిస్టరమ్మా, మలేరియా మాత్రలే మళ్లీ రాయించండి, రేపటికి తగ్గిపోతుంది" అంది. "ఈ రోజు ఏం పని చేశాడమ్మా?" అని అడిగాను. "గొర్రెల షెడ్డుకు జీఐ పైపులు కోశాడు. వాన పడుతోందని తలుపులు వేసుకుని కోశాడు సిస్టరమ్మా" అంది. అంతకు ముందు రెండుసార్లూ కూడా జీఐ పైపుల పనే. డాక్టరుగారికి ఈ మాట చెప్పిన తరువాత జబ్బు పేరు తెలిసింది. అది దోమ వల్ల వచ్చిన జ్వరం కాదు, పొగ వల్ల వచ్చిన జ్వరం.

మర్నాటికి జ్వరం తగ్గింది. ఇంటికి పంపాము. కానీ ఆయన వెళ్లేది ఎక్కడికి? అదే షెడ్డుకు, అదే పొగలోకి. మేము ఇచ్చే మందు నాలుగు రోజులు పనిచేస్తుంది, ఆ పొగ సంవత్సరమంతా పనిచేస్తుంది. అందుకే ఈ పాఠంలో మందుల గురించి తక్కువగా, కోసే బల్ల గురించి ఎక్కువగా చెబుతాను. ఇందులో నాకూ స్వంత బాధ ఉంది. మా అన్నయ్యది కూడా ఇదే పని. "ముక్కుకు గుడ్డ కట్టుకో అన్నయ్యా" అని ఏళ్ల తరబడి చెప్పాను. నేను చెప్పినది తప్పు సలహా అని చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను.

1. ఆ పొగలో ఏముంది?

గ్యాస్ కటింగ్, ప్లాస్మా కటింగ్, వెల్డింగ్ చేసేటప్పుడు లోహం కరగడమే కాదు, కొంత ఆవిరి అవుతుంది. ఆ ఆవిరి గాలి తగలగానే చల్లారి అతి సన్నని పొడిగా మారుతుంది. మనకు పొగలా కనిపించేది ఆ పొడే. దాని కణాలు ఎంత సన్నవంటే ముక్కు వెంట్రుకలు, గొంతు తేమ వాటిని ఆపలేవు. అవి ఊపిరితిత్తుల చివరనున్న గాలి తిత్తుల దాకా పోతాయి. గ్రైండరు, చాప్ సా యంత్రం నుంచి వచ్చే దుమ్ములో పెద్ద రేణువులు ఎక్కువ. అయినా వాటితో పాటు సన్నని పొడీ, కటింగ్ వీల్ అరిగిన పొడీ కూడా వస్తాయి.

ఏ లోహం కోస్తే ఏ హాని కలుగుతుందో గమనించండి.

మామూలు ఇనుము: ఇనుప తుప్పు పొడి, దానితో పాటు మాంగనీసు. ఏళ్ల తరబడి ఎక్కువగా పీలిస్తే మాంగనీసు మెదడుకు చేరి చేతుల వణుకు, నడకలో తడబాటు, మాటలో నెమ్మది కలిగిస్తుంది.

జీఐ పైపు, జీఐ రేకు: పైన పూత జింకు. చలిజ్వరం తెచ్చేది ఇదే.

స్టెయిన్‌లెస్ స్టీలు: ఇందులో క్రోమియం, నికెల్ ఉంటాయి. వేడికి క్రోమియం ఒక విషపూరితమైన రూపంలోకి మారుతుంది. దానివల్ల ఉబ్బసం, ముక్కులో పుండ్లు, ఊపిరితిత్తుల క్యాన్సర్ రావచ్చు.

పాత రంగు వేసిన గేట్లు, గ్రిల్స్: పాత రంగుల్లో సీసం ఉండవచ్చు. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసాన్ని పది లక్షల భాగాలకు 90 భాగాలకు పరిమితం చేసిన నియమం 2017 నవంబరు నుంచి అమలులోకి వచ్చింది. కాబట్టి అంతకు ముందు వేసిన రంగును అనుమానించడమే మంచిది. సీసం అందరికంటే చిన్నపిల్లలకు ఎక్కువ హాని చేస్తుంది.

పసుపు మెరుపు పూత గల పాత బోల్టులు, కొన్ని వెండి టాంకా కడ్డీలు: వీటిలో కాడ్మియం ఉండవచ్చు. దీని పొగ ప్రాణం తీయగలదు. ఏ పూతో తెలియని ముక్కను కోయవద్దు.

పొగతో పాటు కంటికి కనబడని వాయువులు కూడా పుడతాయి. ప్లాస్మా, ఆర్క్ వెలుగు వల్ల ఓజోను, గాలిలోని నైట్రోజను కాలి నైట్రోజన్ ఆక్సైడులు వస్తాయి. జిడ్డు తీసే కొన్ని మందుల్లో క్లోరిన్ ఉంటుంది. అవి ఆరకముందే ఆర్క్ పెడితే ఫాస్జీన్ అనే విషవాయువు పుట్టవచ్చు.

2. శరీరానికి ఏం జరుగుతుంది?

లోహపు పొగ జ్వరం సాధారణంగా పని అయిన 4 నుంచి 10 గంటల తరువాత మొదలవుతుంది. నోటిలో ఇనుము రుచి, దాహం, గొంతు ఎండిపోవడం, చలి, వణుకు, జ్వరం, ఒళ్లునొప్పులు, దగ్గు దీని గుర్తులు. ఒకటి రెండు రోజుల్లో దానంతట అదే తగ్గుతుంది. రోజూ పీల్చేవారికి శరీరం కొద్దిగా అలవాటు పడుతుంది. ఆదివారం విశ్రాంతితో ఆ అలవాటు పోయి, సోమవారం పనికి మళ్లీ జ్వరం వస్తుంది. కనుక దీనిని సోమవారం జ్వరం అని కూడా అంటారు. తగ్గిపోయింది కదా అని తేలికగా తీసుకోవద్దు. అది మీ షెడ్డులో గాలి చాలడం లేదని శరీరం చెప్పే మాట.

మెల్లగా వచ్చే జబ్బులు ఇంతకంటే పెద్దవి. విడవని దగ్గు, ఆయాసం, ఉబ్బసం, మాటిమాటికీ న్యుమోనియా వస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2017లో వెల్డింగ్ పొగ మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని తేల్చి, దానిని మొదటి వర్గంలో చేర్చింది. పొగాకు పొగ ఉన్నదీ అదే వర్గంలో. బీడీ, సిగరెట్ కూడా తాగే మనిషికి ఈ రెండూ కలిసి భారం అవుతాయి.

షెడ్డు ఇంటికి ఆనుకుని ఉంటే ఆ పొగ పనిచేసేవారితో ఆగదు. వంటగదిలో ఉన్న తల్లి, మంచం మీద ఉన్న ముసలి తండ్రి, ఉయ్యాలలో ఉన్న బిడ్డ దానినే పీలుస్తారు.

3. గుడ్డ, బెల్లం, టేబుల్ ఫ్యాను చాలవా?

గుడ్డ: చేతిరుమాలు, తువ్వాలు పెద్ద దుమ్మును ఆపుతాయి, లోహపు పొగను ఆపలేవు. మా అన్నయ్యకు నేను చెప్పిన తప్పు సలహా ఇదే. కరోనా రోజుల్లో అందరికీ తెలిసిన ఎన్95 మాస్కు ముఖానికి సరిగా అతుక్కుంటే పొడిని చాలావరకు ఆపుతుంది, వాయువులను ఆపదు. గడ్డం ఉన్నా, పక్కల సందు ఉన్నా దాని ఉపయోగం పోతుంది.

బెల్లం, పాలు, అరటిపండు: పని అయ్యాక బెల్లం తింటే పొగ కిందికి దిగిపోతుందని చాలామంది నమ్ముతారు. తిన్నది అన్నవాహికలోకి పోతుంది, పీల్చింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆ రెండు దారులు వేరు. బెల్లం తినండి, తప్పులేదు. కానీ అది ఊపిరితిత్తులను కడగదు.

టేబుల్ ఫ్యాను: ఇది పొగను బయటకు పంపదు, ఇల్లంతా పంచుతుంది. వెనుక నుంచి ఫ్యాను పెట్టుకుంటే మరీ నష్టం. గాలి మన ఒంటికి తగిలి ముందువైపు సుడి తిరుగుతుంది. ఆ సుడి పొగను ముఖం దగ్గరకే తెస్తుంది. గాలి ఎప్పుడూ పక్క నుంచి రావాలి.

పైకప్పు దగ్గర గోడకు పెట్టిన ఎగ్జాస్ట్ ఫ్యాను: ఇది గదిలో గాలిని కొంత మారుస్తుంది. కానీ వంగి పనిచేసే మనిషి ముఖం బల్లకు, ఫ్యానుకు మధ్యలో ఉంటుంది. పొగ ఫ్యానును చేరేముందు ఆయన ముక్కును దాటి వెళ్తుంది.

అందుకే పొగను ముక్కు దాకా రానివ్వకుండా, పుట్టిన చోటే కిందికి లాగాలి.

4. ఒక చిన్న ప్రయోగం

ఇంట్లో దీపం వెలిగించి మూర దూరం నుంచి ఊదండి. ఆరిపోతుంది. అదే దూరం నుంచి గాలి లోపలికి పీల్చి ఆర్పడానికి ప్రయత్నించండి. మంట కదలను కూడా కదలదు. ఊదిన గాలి దూరం పోతుంది, పీల్చే గాలి బలం మాత్రం నోటి దగ్గరే ఉంటుంది. గొట్టం సంగతీ అంతే. 6 అంగుళాల గొట్టం మూతి నుంచి 6 అంగుళాల దూరం పోయేసరికి గాలి లాగుడు వేగం దాదాపు పదో వంతుకు పడిపోతుంది. ఎంత పెద్ద యంత్రం కొన్నా దూరంగా పెడితే డబ్బు వృథా. చిన్న యంత్రమైనా దగ్గరగా పెడితే పని జరుగుతుంది. ఖర్చు తగ్గించే రహస్యం ఇదే.

5. బల్ల కట్టే విధానం

ఇనుప పని తెలిసిన మనిషి మీ ఇంట్లోనే ఉన్నాడు. పెట్టె, జాలీ, గొట్టం ఆయనే చేసుకోగలడు. కొనవలసిన పెద్ద వస్తువు గాలి లాగే బ్లోవర్ ఒక్కటే. పని తీరు చెబుతాను, కొలతలు మీ షెడ్డును బట్టి మార్చుకోండి.

అ) బల్ల: 2 అడుగుల వెడల్పు, 3 అడుగుల పొడవు, నడుము ఎత్తు. పైన రేకు వేయకూడదు. ఇనుప ఫ్లాట్ పట్టీలను నిలువుగా, రెండేసి అంగుళాల ఎడంతో వరుసగా నిలబెట్టాలి. వీటిని అతికించకుండా గాళ్లలో వదులుగా పెట్టండి. కోతకు దెబ్బతిన్న పట్టీని తీసి కొత్తది పెట్టుకోవచ్చు.

ఆ) కింద పెట్టె: జాలీ కింద నాలుగు వైపులా ఇనుప రేకుతో అడుగున్నర లోతు పెట్టె కట్టాలి. అడుగున బయటకు లాగే సొరుగు ఉండాలి. కరిగిన ముక్కలు, నిప్పురవ్వలు అందులో పడతాయి. సందులన్నీ మూయాలి. సందు ఉంటే గాలి అక్కడి నుంచి వస్తుంది, జాలీ మీది పొగ మిగిలిపోతుంది.

ఇ) రెండు గదులు: పెట్టె మధ్యలో అడ్డు రేకు వేసి రెండు గదులు చేయండి. ఒక్కో గది నుంచి గొట్టానికి పోయే దారిలో జారే రేకు తలుపు పెట్టండి. కోస్తున్న వైపు తలుపు మాత్రమే తెరవాలి. దీనివల్ల ఏమి లాభమంటే, బల్ల జాలీ ప్రతి చదరపు అడుగుకు నిమిషానికి సుమారు 150 ఘనపుటడుగుల గాలి లాగాలి. మొత్తం బల్ల 6 చదరపు అడుగులు కనుక 900 కావాలి. సగం బల్లకు 450 చాలు. యంత్రం చిన్నదవుతుంది, కరెంటూ మిగులుతుంది.

ఈ) నిప్పురవ్వలకు అడ్డం: గొట్టం దారిని పెట్టె అడుగున పెట్టవద్దు, పక్క గోడకు పెట్టాలి. దాని ముందు 2 అంగుళాల ఎడంగా ఒక ఇనుప పలక నిలపండి. గాలి పలక చుట్టూ తిరిగి పోతుంది, బరువైన నిప్పురవ్వలు పలకకు తగిలి సొరుగులో పడతాయి. అక్కడ గుడ్డ, స్పాంజి, కొబ్బరి పీచు వడపోతగా ఎప్పుడూ పెట్టవద్దు. నిప్పు అంటుకుంటుంది.

ఉ) గొట్టం: 6 అంగుళాల రేకు గొట్టం. పీవీసీ గొట్టం, ప్లాస్టిక్ ముడతల గొట్టం పనికిరావు. జీఐ రేకు గొట్టం వాడవచ్చు, కానీ దాన్ని వెల్డింగ్ చేయకుండా రివెట్లు, స్క్రూలతో కలపండి. వంపులు వీలైనంత తక్కువగా, ఉన్నవి మెల్లని వంపులుగా ఉండాలి. ప్రతి గట్టి వంపు లాగుడును తగ్గిస్తుంది.

ఊ) బ్లోవర్: నత్త గుల్ల ఆకారపు ఇనుప బ్లోవర్ కావాలి. గొట్టంలో గాలిని బలంగా లాగేది అదే. పాత యంత్రాల దుకాణంలో దొరికితే మోటారు, బేరింగులు చూపించుకుని తీసుకోండి. దాని మీద రాసిన గాలి లెక్క 450 సీఎఫ్ఎం కంటే ఎక్కువే ఉండాలి. గంటకు ఘనపు మీటర్లలో రాసి ఉంటే 765 కంటే ఎక్కువ. గొట్టంలో కొంత తరుగు తప్పదు. కొలిమికి గాలి ఊదే చిన్న బ్లోవర్ దీనికి చాలదు. ఎయిర్ కూలర్ ఫ్యాను గొట్టంలో లాగలేదు, దాని ప్లాస్టిక్ కూడా కాలుతుంది.

బ్లోవర్ కొనే స్తోమత వెంటనే లేకపోతే బల్లను బయటి గోడకు ఆనించి, పెట్టె పక్కనే గోడకు కన్నం చేసి, 12 అంగుళాల ఇనుప రెక్కల ఎగ్జాస్ట్ ఫ్యాను నేరుగా బిగించండి. దీనికి పొడవైన గొట్టం తగిలించకూడదు. ఇది రెండో రకం ఏర్పాటు మాత్రమే. ఫ్యాను మోటారు పొగ దారిలోనే ఉంటుంది కనుక తరచుగా శుభ్రం చేయాలి. గోడ అవతల ఎవరూ ఉండకూడదు.

ఋ) బ్లోవర్ స్థానం: బ్లోవర్‌ను గొట్టం బయటి చివర, ఇంటి గోడ అవతల పెట్టండి. అప్పుడు ఇంటి లోపలి గొట్టంలో ఎక్కడైనా చిల్లి పడితే గదిలోని గాలి లోపలికి పోతుందే గాని పొగ బయటకు రాదు. బ్లోవర్‌ను గది లోపల పెడితే దాని తరువాతి గొట్టంలో ప్రతి చిల్లి నుంచీ పొగ ఇంట్లోకి చిమ్ముతుంది.

ౠ) పొగ బయటకు వదిలే చోటు: పైకప్పు కంటే మూడు నాలుగు అడుగులు పైకి. మీ కిటికీకి గాని, పక్కింటివారి కిటికీకి గాని, బావికి గాని, పశువుల పాకకు గాని ఎదురుగా ఉండకూడదు. మన ఇంటి పొగ పక్కింటివారి బిడ్డ పీల్చడం న్యాయం కాదు. పొగను వడగట్టి తిరిగి గదిలోకే వదిలే ఏర్పాటు చేయవద్దు. వడపోత పొడిని పట్టినా వాయువులను పట్టదు.

ఎ) లోపలికి గాలి: బయటకు పోయినంత గాలి లోపలికి రావాలి. బల్లకు పక్కవైపు తలుపు గాని కిటికీ గాని తెరిచి ఉంచండి. వంటగది వైపు తలుపు మూసి ఉంచండి.

ఏ) కరెంటు: బ్లోవర్ ఒంటికి, బల్లకు ఎర్త్ తప్పనిసరి. షాకు కొడితే వెంటనే ఆపే ఈఎల్‌సీబీ స్విచ్చి పెట్టించండి. వైరింగ్ పని ఎలక్ట్రీషియన్ చేతనే చేయించండి.

6. అగరుబత్తి పరీక్ష

పని మొదలుపెట్టే ముందు బ్లోవర్ వేసి, వెలిగించిన అగరుబత్తిని జాలీకి 6 అంగుళాల పైన పట్టుకోండి. పొగ కిందికి వంగి జాలీలోకి పోవాలి. నాలుగు మూలలా, మధ్యలో ఇలా చూడండి. పొగ తిన్నగా పైకి పోతుంటే సొరుగు నిండిందో, సందు పడిందో, గొట్టం మూసుకుందో వెతకాలి. వారానికి ఒకసారి ఇంట్లో ఎవరైనా ఈ పరీక్ష చేయవచ్చు. చదువుకునే పిల్లలకు అప్పగిస్తే ఎంతో శ్రద్ధగా చేస్తారు. అయితే కోత మొదలయ్యేసరికి పిల్లలు అక్కడ ఉండకూడదు.

పెద్ద రేకు మొత్తం జాలీని కప్పేస్తే కిందికి లాగుడు ఆగిపోతుంది. అప్పుడు రేకును కొద్దిగా జరిపి కోత గీత పక్కన జాలీ తెరిచి ఉండేట్టు చూడాలి. గేటు వంటి పెద్ద సామానుకు ఈ బల్ల చాలదు. అదే గొట్టానికి కదిలించగల రేకు మూతి ఒకటి తగిలించి, ఆర్క్‌కు 6 అంగుళాల లోపల, ముఖానికి అవతలివైపు పెట్టుకోవాలి. లేకపోతే ఆ పనిని ఆరుబయట, గాలి పక్క నుంచి వీచేటట్టు నిలబడి చేయాలి.

కోత మొదలుపెట్టే ముందే బ్లోవర్ వేయండి. ఆగిన తరువాత పది నిమిషాలు తిరగనివ్వండి.

7. ప్రాణం మీదికి తెచ్చే పొరపాట్లు

• పాత నూనె డ్రమ్మును పెట్టెగా వాడదామని కోయవద్దు. ఖాళీగా కనిపించినా లోపల మిగిలిన ఆవిరి పేలుతుంది.
• ఇదే బల్ల మీద అల్యూమినియం కోయవద్దు. దాని సన్నని పొడి తేలికగా అంటుకుంటుంది. ఇనుప తుప్పుతో కలిస్తే మహా వేడిగా మండుతుంది.
• కొందరు పొగ తగ్గడానికి బల్ల కింద నీళ్ల తొట్టి పెడతారు. అది పొగను కొంత పడుతుంది. కానీ అందులో అల్యూమినియం ముక్కలు పడితే హైడ్రోజను వాయువు పుట్టి పేలుడు జరగవచ్చు. తడి చేతులతో కరెంటు షాకు భయమూ ఉంది.
• షెడ్డులో గాలి బాగుండాలని సిలిండరు ఆక్సిజన్ వదలవద్దు, దానితో బట్టల దుమ్ము ఊదుకోవద్దు. ఆక్సిజన్ పట్టిన బట్ట ఒక్క నిప్పురవ్వకు భగ్గుమంటుంది. ఇంట్లో ఆక్సిజన్ మీద ఉన్న రోగి ఉంటే ఆ దరిదాపుల్లో కోత పనే వద్దు.
• క్లోరిన్ ఉన్న జిడ్డు తీసే మందు రాసిన ముక్కకు ఆర్క్ పెట్టవద్దు. సబ్బు నీటితో కడిగి, ఆరబెట్టి కోయండి.
• సొరుగు చల్లారాక మాత్రమే ఖాళీ చేయండి. పొడి చీపురుతో ఊడ్చవద్దు, కంప్రెసరుతో ఊదవద్దు. తడి గుడ్డతో తుడవండి.
• పని ముగిశాక అరగంట పాటు నిప్పు ఎక్కడైనా మిగిలిందేమో చూడండి. పక్కన బకెట్ ఇసుక ఉంచండి.

8. కుటుంబం చేయగలిగినది

బల్ల కట్టడానికి నెల పట్టవచ్చు. ఈలోగా ఈ రోజు నుంచే చేయగలిగినవి ఉన్నాయి.

వీలైన చోట జీఐ పైపుకు బదులు నల్ల పైపు తీసుకుని, పని అయ్యాక రంగు వేయమని చెప్పండి. పుట్టని పొగను లాగవలసిన పని లేదు. పాత రంగును కోత గీతకు రెండు వైపులా తడిపి గీకి, ఆ చెత్తను పిల్లలకు అందకుండా కట్టి పడేయండి. గీకేటప్పుడు ఎన్95 మాస్కు పెట్టుకోవాలి. పని బట్టలు షెడ్డులోనే విప్పి, ఒళ్లు కడుక్కున్న తరువాతే బిడ్డను ఎత్తుకోవాలి. ఆ బట్టలను విడిగా ఉతకండి. షెడ్డులో తినడం, తాగడం, బీడీ కాల్చడం మానాలి.

గోడకు ఒక చిన్న పుస్తకం వేలాడదీయండి. ఏ రోజు ఏ లోహం కోశారు, ఆ రాత్రి దగ్గు, చలి, ఆయాసం వచ్చాయా అని రెండు మాటలు రాయండి. ఆ పుస్తకం డాక్టరుగారికి ఎంతో ఉపయోగపడుతుంది. వార్డుకు వచ్చిన ఆ యువకుని భార్య ఇలాగే రాయడం మొదలుపెట్టింది. జ్వరానికి, జీఐ పైపుకు ఉన్న సంబంధాన్ని ఆమె తన రాతలోనే చూసి, "ఇక తలుపులు మూసి కోయనివ్వను సిస్టరమ్మా" అంది.

9. ఎప్పుడు ఆసుపత్రికి తీసుకురావాలి?

చలిజ్వరం వస్తే పొగ జ్వరమే అని మీరే తీర్మానించుకోవద్దు. మలేరియా, డెంగీ పరీక్షలు చేయించాలి. పొగ సంగతి కూడా డాక్టరుగారికి చెప్పాలి. రెండు వారాలు దాటిన దగ్గుకు క్షయ పరీక్ష తప్పనిసరి. అది ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం.

ఈ గుర్తులు ఉంటే ఆలస్యం చేయకుండా 108కు ఫోన్ చేయండి: ఆయాసం పెరగడం, ఛాతీ పట్టేయడం, పెదవులు నీలం కావడం, నురగతో దగ్గు, మగత, స్పృహ తప్పడం. కాడ్మియం పొగ, నైట్రోజన్ ఆక్సైడులు, ఫాస్జీన్ పీల్చిన మనిషి మొదట బాగానే కనిపించవచ్చు. కొన్ని గంటల తరువాత, ఒక్కోసారి మరునాటికి ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. కనుక అటువంటి పొగ పీల్చాడన్న అనుమానం ఉంటే, "పడుకుంటే తగ్గుతుందిలే" అనకుండా అదే రోజు తీసుకురండి. వచ్చేటప్పుడు కోసిన ముక్క ఏ లోహమో, ఏ మందు రాశారో, ఎన్ని గంటలకు పని చేశారో చీటీ మీద రాసి తెండి.

షెడ్డులో మనిషి పడిపోతే ముందు కరెంటు ఆపి, సిలిండరు వాల్వు మూసి, తలుపులు తెరిచి, ఆయనను బయటి గాలికి తీసుకురండి. ట్యాంకు లోపల గాని, గొయ్యిలో గాని పడిపోతే ఆదుర్దాగా లోపలికి దిగవద్దు. అలా దిగినవారు కూడా చనిపోయిన సంఘటనలు అనేకం. సహాయం పిలవండి.

ముగింపు

మా అన్నయ్య నిరుడు తన బల్లకు ఇటువంటి పెట్టె కట్టుకున్నాడు. జాలీ, పెట్టె, గొట్టం తన చేతులతో చేసుకున్నాడు. బ్లోవర్ పాతది కొన్నాడు. మొదటిసారి పెట్టిన గొట్టంలో మూడు గట్టి వంపులు వచ్చాయి. అగరుబత్తి పొగ పైకే పోయింది. విప్పి, ఒక్క వంపుతో మళ్లీ పెట్టాడు. అప్పుడు పొగ కిందికి దిగింది. ఇరవై ఏళ్లుగా పీల్చిన దానివల్ల వచ్చిన ఆయాసం ఆయనకు పూర్తిగా పోలేదు, ఇన్‌హేలరు వాడుతూనే ఉన్నాడు. కానీ ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రవాడికి పద్దెనిమిదేళ్లు. ఆ కుర్రవాడి ఊపిరితిత్తులు ఇంకా శుభ్రంగా ఉన్నాయి. వాటిని అలాగే ఉంచడం మన చేతిలో ఉంది.

పాఠం చదివాక ఇంట్లో కలిసి మాట్లాడుకోండి

1. మన షెడ్డులో పొగ పుట్టిన చోటు నుంచి ముక్కు దాకా ఏ దారిలో పోతోంది?
2. పోయిన నెలలో ఏ లోహాలు కోశాము? ఆ రాత్రుల్లో ఎవరికి దగ్గు, చలి వచ్చాయి?
3. పొగను బయటకు వదిలితే ఎవరి కిటికీ వైపు పోతుంది?
4. బల్ల పూర్తయ్యే వరకు ఈ వారం నుంచి ఏ ఒక్క అలవాటు మార్చుకుంటాము?

రోగి ఇంటికి వెళ్లే రోజున ఈ పాఠాన్ని ఆయనకు చదివి వినిపించండి. మీ సందేహాలు వార్డు సిస్టరును అడగండి. బల్ల బొమ్మ ఒకటి కాగితం మీద గీసుకుని వస్తే ఇంకా మంచిది, కలిసి చూద్దాం.